పట్టుకుంటేనే తెలిసే కోడి

(అమెరికాలోని ఒహాయోలో తెలుగువాళ్ళ ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్క మనవి. దయచేసి చప్పట్లు కొట్టకండి. ఈ బల్ల మీద గుడ్డ కప్పిన పంజరం చూస్తున్నారు కదా, లోపల ఉన్నది గంటన్నర కారులో కూర్చుని వచ్చింది. పెద్ద చప్పుడయితే బెదురుతుంది. గుడ్డ తీస్తున్నాను, పిల్లలు కాస్త వెనక్కి జరగండి నాన్నా.

ఎవరో "కుందేలు" అన్నారు. పర్వాలేదు, మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది అలాగే అంటారు. ఇది కోడి. పెట్ట. వయసు 14 నెలలు. జాతి పేరు సిల్కీ. దీని ఒంటి మీద ఉన్నవి వెంట్రుకలు కావు, ఈకలే. 13వ శతాబ్దం చివర్లో చైనా వెళ్ళిన మార్కో పోలో కూడా అక్కడ పిల్లి బొచ్చు లాంటి బొచ్చుతో నల్లటి కోళ్ళు ఉన్నాయని రాశాడు. అంటే ఇవి కొత్తగా ఎవరో ప్రయోగశాలలో తయారుచేసిన వింత కాదు. ఎన్నో వందల ఏళ్ళుగా ఉన్నవే.

నేను పదకొండేళ్ళుగా ఈ జాతిని పెంచుతున్నాను. పెంచడమంటే గుడ్ల కోసమో కూర కోసమో కాదు, పోటీకి. ఇక్కడ కోళ్ళకి పోటీలు జరుగుతాయి. కొట్లాట పోటీలు కావు, రూపానికి. ప్రతి జాతికీ ఎలా ఉండాలో రాసిపెట్టిన కొలత ఒకటి ఉంటుంది. ఆ కొలతకి ఎవరి కోడి దగ్గరగా ఉంటే వాళ్ళకి బహుమతి. మనం పుట్టిన ఊళ్ళలో కోడి అంటే వేరే సంగతి. అందుకే ఈ మాట చెప్పగానే "కోడికి అందాల పోటీయా" అని అడుగుతారు. అందం అన్న మాట ఇక్కడ సరిపోదని నా ఉద్దేశం. ఎందుకో చెబుతాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్న సంక్రాంతికి పుంజుల్ని మేపేవారు. పందెం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కత్తి కట్టిన రోజున నేను ఇంట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. అది చట్టానికీ విరుద్ధం. కానీ నాన్న కోడిని చూసే తీరు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. సంతలో ఎవరైనా పుంజుని చూపిస్తే డేగా, కాకా, నెమలా, సేతువా అని రంగు దగ్గర ఆగిపోయేవారు కాదు. చంకలో పెట్టుకుని రొమ్ము ఎముక మీద బొటనవేలు నడిపేవారు. రెక్క విప్పేవారు. నోరు తెరిచి వాసన చూసేవారు. కాలి వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసేవారు. "చూస్తే కోడి తెలీదమ్మా, పట్టుకుంటే తెలుస్తుంది" అనేవారు. ఈ మాట విలువ నాకు ఇక్కడికి వచ్చి, డబ్బు పోగొట్టుకున్నాక అర్థమైంది. ఆ కథ తర్వాత చెబుతాను.

ఈ పోటీలు ఎలా పుట్టాయో రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో 1835లో కోడిపందాల్ని చట్టం పెట్టి ఆపారు. కోళ్ళ మీద పిచ్చి ఉన్నవాళ్ళు మరి ఏం చేస్తారు? పదేళ్ళకి, 1845లో, లండన్ జంతు ప్రదర్శనశాలలో కోళ్ళ ప్రదర్శన పెట్టారు. అమెరికాలో 1849 నవంబరులో బోస్టన్ పార్కులో మొదటి పెద్ద ప్రదర్శన జరిగితే 219 మంది వెయ్యికి పైగా కోళ్ళని తెచ్చారు. ఎవరి కోడి గొప్ప అన్న గొడవ అప్పుడే మొదలైంది. ఒక్కో జడ్జి ఒక్కో మాట చెప్పేవాడు. ఆ గొడవ తీర్చడానికే 1873లో బఫెలో నగరంలో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ పెట్టారు, మరుసటి ఏడాదే ఏ జాతి ఎలా ఉండాలో చెప్పే స్టాండర్డ్ పుస్తకం అచ్చువేశారు. 1874 నాటి ఆ మొదటి పుస్తకంలోనే సిల్కీకి చోటు దొరికింది.

మన పందెం జాతి అసీల్ కోడికి కూడా ఈ కథలో చోటుంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో అసీల్ రక్తం కలిపి "ఇండియన్ గేమ్" అనే జాతిని తయారుచేశారు. పోట్లాటకి అది పనికిరాలేదు, రొమ్ము మాంసానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది. అదే అమెరికాలో కార్నిష్ అయింది. ఇవాళ ప్రపంచమంతా తింటున్న బ్రాయిలర్‌కి ఒకవైపు పూర్వీకులు ఆ కార్నిష్ కోళ్ళే. మన దొడ్లలో తిరిగిన రక్తం ఎక్కడెక్కడికి వెళ్ళిందో తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

సరే, దీన్ని బయటికి తీస్తాను. కోడిని ఎత్తుకునే పద్ధతి చూడండి. అరచెయ్యి రొమ్ము కిందకి వెళ్ళాలి. రెండు కాళ్ళూ నా వేళ్ళ మధ్యకి రావాలి. బరువంతా అరచేతి మీద పడాలి. ఇలా పట్టుకుంటే కోడి కాళ్ళు కొట్టుకోదు. పోటీలో జడ్జి కూడా పంజరంలోంచి ఇలాగే తీస్తారు. తీసేటప్పుడు తల ముందు బయటికి రావాలి, లోపల పెట్టేటప్పుడు కూడా తలే ముందు. లేకపోతే రెక్కలు తలుపుకి తగిలి ఈకలు విరుగుతాయి.

ఇప్పుడు ఈకలు. చిన్నప్పుడు కాకి ఈక దొరికితే దాన్ని వేళ్ళతో చీల్చి, మళ్ళీ కింద నుంచి పైకి దువ్వి అతికించే ఆట ఆడుకున్నాం కదా. ఆ ఈక ఎందుకు అతుక్కుంటుందంటే, దాని పోగులకి కంటికి ఆనని చిన్న కొక్కేలుంటాయి. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టే ఈక రేకులా నిలబడుతుంది. సిల్కీకి ఆ కొక్కేలు సరిగ్గా ఏర్పడవు. పోగులు విడివిడిగా వేలాడతాయి. అంతే తేడా. ఆ ఒక్క తేడాతో బతుకంతా మారిపోతుంది. ఇది ఎగరలేదు. అటక మీదికి ఎక్కలేదు, నేల మీదే మూలన గుంపుగా పడుకుంటాయి. వానొస్తే నీళ్ళు జారిపోవు, చర్మం దాకా తడుస్తుంది. మామూలు కోడి వానలో దులుపుకుని వెళ్ళిపోతుంది, ఇది చలికి వణుకుతుంది. దీన్ని పెంచేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది అదే.

ఈకలు ఇలా ఊది పక్కకి తీస్తాను, దగ్గరికి వచ్చి చూడండి. చర్మం నలుపు. నేరేడు పండు తొక్క రంగు. ఎముకల మీది పొర కూడా నల్లగానే ఉంటుంది. మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కోడి పేరు విన్నారు కదా, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని నలుపుకీ దీని నలుపుకీ మూలం ఒకే జన్యు మార్పు. ఆ కోడి సన్నగా, గట్టి ఈకలతో, చురుగ్గా ఉంటుంది. ఇది దూదిబంతిలా ఉంటుంది. చర్మం దగ్గర మాత్రం రెండూ చుట్టాలే.

చెవి తమ్మె చూడండి, నీలిపచ్చ. సిల్కీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రంగు ఇదే. ముక్కు సీసం రంగు. కళ్ళు నలుపు. కాలు చూడండి, బయటి వైపున ఈకలు వేలి దాకా ఉండాలి. వేళ్ళు లెక్కపెట్టండి. మామూలు కోడికి నాలుగు. దీనికి అయిదు. ఆ అయిదోది నాలుగోదానికి అంటుకోకుండా విడిగా, పైకి వంపు తిరిగి ఉండాలి. రెండూ కలిసిపోయినా, ఒక కాలికి అయిదు ఉండి ఇంకో కాలికి నాలుగే ఉన్నా లోపమే. తల్లిదండ్రులిద్దరికీ చక్కటి అయిదు వేళ్ళున్నా పిల్లల్లో ఒకటీ అరా తప్పుతుంటాయి. ఆ జన్యువు అందరిలోనూ ఒకేలా బయటపడదు.

తల మీద ఎర్రగా ఉండేదాన్ని మనం కోడిజుట్టు అంటాం. ఆ పేరుతో పువ్వు కూడా ఉంది. సిల్కీకి అది రంపంలా ఉండకూడదు. అక్రోటు కాయలా గుండ్రంగా, ముడతలతో, నలుపు తిరిగిన రంగులో ఉండాలి. దాని వెనక ఈకల కుచ్చు. ముఖం, జుట్టు ఎర్రగా మెరిస్తే అమెరికన్ స్టాండర్డ్ ప్రకారం పోటీకే పనికిరాదు. రెక్క పెద్ద ఈకలు, తోక ఈకలు, కాలి ఈకలు తప్ప మిగతా ఒళ్ళంతా పట్టులా లేకపోయినా పనికిరాదు.

ఈ అక్రోటు జుట్టు దగ్గర నేనొక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే సైన్సు పాఠ్యపుస్తకాల్లో ఉన్న కోడి ఇది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కేంబ్రిడ్జ్‌లో బేట్‌సన్, పన్నెట్ అనే శాస్త్రవేత్తలు గులాబీ జుట్టు కోడికీ బఠానీ జుట్టు కోడికీ జత కట్టించారు. ఇవి జుట్టు ఆకారాల పేర్లు. పిల్లలకి ఆ రెండూ రాలేదు, అక్రోటు జుట్టు వచ్చింది. ఆ పిల్లల్ని మళ్ళీ జత కడితే 16కి 9 అక్రోటు, 3 గులాబీ, 3 బఠానీ, 1 మామూలు రంపం జుట్టు లెక్కన వచ్చాయి. రెండు జన్యువులు కలిసి మూడో రూపాన్ని ఇస్తాయని అలా తెలిసింది. మాలాంటివాళ్ళకి దీని అర్థం ఏంటంటే, అక్రోటు జుట్టున్న పుంజు లోపల ఏం దాచుకుందో పైకి తెలీదు. పిల్లల్లో రంపం జుట్టు పడిందంటే తండ్రీ తల్లీ ఇద్దరూ దాచుకున్నారన్నమాట. అన్నిటికీ రెండు వైపుల నుంచీ గులాబీ జన్యువే ఉండేలా చేద్దామంటే ఇంకో చిక్కు, అలాంటి పుంజుల్లో సంతాన శక్తి తగ్గుతుంది. కాబట్టి కొన్ని రంపం జుట్టు పిల్లలు పుట్టినా నేను బాధపడను.

పట్టు ఈక కూడా దాక్కునే లక్షణమే. సిల్కీని మామూలు కోడితో కలిపితే మొదటి తరంలో అన్నీ మామూలు ఈకలతో పుడతాయి. ఆ పిల్లల్ని వాటిలో వాటికే కలిపితే నాలుగింట ఒకటి పట్టు ఈకలతో వస్తుంది. తెల్ల రంగూ అంతే. తెల్ల సిల్కీ తెలుపు ఒక దుప్పటి లాంటిది, దాని కింద నలుపుందో బంగారు రంగుందో చెప్పలేం. తెల్లదాన్ని రంగుదానితో కలిపితే ఆ దుప్పటి తీసినట్టు ఏవేవో బయటపడతాయి. నీలం రంగు ఇంకోలా నడుస్తుంది. నీలం పుంజుకీ నీలం పెట్టకీ పుట్టే పిల్లల్లో సగమే నీలం, పావు నలుపు, పావు తెలుపు మీద మచ్చలు. మొత్తం నీలమే కావాలంటే నల్లదాన్నీ మచ్చలదాన్నీ కలపాలి. మొదటి ఏడాది ఇది తెలీక, నీలం జతకి నల్ల పిల్లలు పుడితే అమ్మినతను మోసం చేశాడనుకున్నాను. ఆయన తప్పేం లేదు.

ఇప్పుడు ఆ కథ చెబుతాను.

మూడో ఏడాది నా దగ్గరికి ఒక తెల్ల పుంజు వచ్చింది. దూరం నుంచి తెప్పించుకున్నాను, నాకది పెద్ద ఖర్చు. దాని కుచ్చు, దాని వీపు! మెడ నుంచి తోక దాకా ఎక్కడా గీత కనపడకుండా ఒకటే వంపు. ఎవరొచ్చినా దాన్ని చూపించేదాన్ని. దాన్ని రెండేళ్ళు జతకి వాడాను. ఆ రెండో ఏడాది పుట్టిన ఒక పెట్ట తండ్రిని మించిపోయింది. అయిదు వేళ్ళు, నీలిపచ్చ చెవులు, అన్నీ కుదిరాయి. అదివరకు నాకు రాని బహుమతి ఈసారి వస్తుందని టెన్షన్‌తో రెండు రోజులు నిద్రపోలేదు.

జడ్జి గారు దాన్ని తీశారు. తల చూశారు, కాళ్ళు చూశారు, వీపు మీద చెయ్యి వేసి నిమిరారు. తర్వాత కుడి రెక్క మెల్లగా విప్పారు. అలాగే పట్టుకుని నన్ను పిలిచి చూపించారు. రెక్కలో బయటికి పది పెద్ద ఈకలుంటాయి. లోపలి వైపు ఇంకో వరస. ఈ రెండు వరసలకీ నడుమ ఒక పొట్టి ఈక ఉంటుంది. నా కోడికి ఆ పొట్టి ఈక లేదు. అక్కడ వేలు పట్టేంత సందు. పన్ను ఊడినచోట ఖాళీలా. దాన్ని స్ప్లిట్ వింగ్ అంటారు. ఆ ఒక్కదానితో కోడి పోటీ నుంచి బయటికి వెళ్ళిపోతుంది. సిల్కీల్లో ఇది తరచుగా వస్తుంది, వంశంలో దిగుతుంది.

ఇంటికి వచ్చి, చీకటి పడ్డాక, లైటు వేసుకుని షెడ్డులో కూర్చుని ఒక్కో కోడి రెక్కా విప్పాను. ఆ ఏడాది పిల్లలు 11 మిగిలాయి. నాలుగింటికి సందు ఉంది. చివరికి తండ్రి పుంజుని తీశాను. దాని ఎడమ రెక్కలో కూడా ఉంది. చిన్నది, కానీ ఉంది. రెండేళ్ళు నా దగ్గర ఉన్న కోడి రెక్క ఒక్కసారి కూడా నేను విప్పలేదు. చూస్తూ కూర్చున్నానే గానీ పట్టుకోలేదు. నాన్న చేతులు గుర్తొచ్చాయి. ఆయన ముందు మూడు సెకన్లు కూడా నిలిచేది కాదు ఆ పుంజు.

ఆ పుంజునీ దాని పిల్లలన్నిటినీ జతల్లోంచి తీసేశాను. సందున్న నాలుగే కాదు, సందు లేనివి కూడా, ఎందుకంటే అవీ లోపల మోస్తుండవచ్చు. రెండేళ్ళ పని పోయింది. వాటిని చంపలేదు, పెరట్లో పెంచుకునేవాళ్ళకి ఇచ్చాను. పోటీకి పనికిరాని కోడి మంచి గుడ్లు పెడుతుంది, పిల్లలతో ఆడుకుంటుంది, దానికే లోటూ లేదు. ఒక్కటే షరతు, పోటీకోసం పెంచేవాళ్ళకి అమ్మకూడదని.

ఈ జాతితో చిక్కే అది. బొచ్చు అన్నిటినీ కప్పేస్తుంది. బక్క కోడి కూడా బొద్దుగా కనపడుతుంది. వంకర రొమ్ము ఎముక కనపడదు. పేలు పట్టినా, కాలి మీద పొలుసులు లేచి గజ్జి పట్టినా ఈకల కింద తెలీదు. అందుకని నేను ఆదివారం ఆదివారం ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుంటాను. రొమ్ము, రెక్కలు, కుచ్చు మొదళ్ళు, తోక కింద, కాళ్ళు. ఒక్కోదానికి రెండు నిమిషాలు. ముందు బరువు, తర్వాత రూపం.

బరువు అన్నాను కాబట్టి చెబుతాను, ఈ లెక్క దేశానికో తీరు. అమెరికన్ స్టాండర్డ్‌లో సిల్కీ పొట్టి కోళ్ళ లెక్కలోకి వస్తుంది, పుంజు 36 ఔన్సులు, అంటే కిలో చిల్లర. బ్రిటన్‌లో పుంజు 4 పౌండ్లు, దాదాపు కిలో ఎనిమిది వందలు. ఒకే జాతి. అక్కడ గెలిచిన కోడి ఇక్కడ మరీ పెద్దదంటారు. కాబట్టి "అసలైన సిల్కీ" ఏదని నన్ను అడగకండి. మీరు ఏ పుస్తకానికి పెంచుతున్నారో ముందు తేల్చుకోండి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దు.

ఇక జత కట్టడం. పుస్తకంలో ఉన్న కోడి ఎవరి దొడ్లోనూ లేదు. ప్రతి కోడికీ ఏదో లోపం ఉంటుంది. ఏ లోపాన్ని ఒప్పుకోవచ్చో, ఏ లోపాన్ని ఒప్పుకోకూడదో తేల్చుకోవడమే మా పనంతా. నేనయితే రెక్కనీ, కాళ్ళనీ, కళ్ళనీ, ఒంటి బలాన్నీ ఒప్పుకోను. కుచ్చు కాస్త చిన్నదయినా, చెవి రంగు కాస్త తగ్గినా ఒప్పుకుంటాను, అవి రెండు మూడు తరాల్లో దిద్దుకోవచ్చు. ఒకే లోపం ఉన్న రెండింటిని ఎప్పుడూ కలపకూడదు. ఇంకో తప్పు కూడా అందరూ చేస్తారు, నేనూ చేశాను. వీపు పొడవయిన పెట్టకి వీపు మరీ పొట్టిదయిన పుంజుని కలిపితే మధ్యరకం వస్తుందనుకుంటారు. రాదు. కొన్ని పొడవు, కొన్ని పొట్టి, ఏదీ సరిగ్గా ఉండదు. పొడవు వీపుని దిద్దాలంటే సరైన వీపున్నదాన్నే కలపాలి. ఓపిక పట్టలేక చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

అక్కడ వెనక నుంచి ఒక బాబాయి గారు చెయ్యెత్తారు. అడగండి... అవునండీ, దగ్గరి బంధుత్వంలోనే కడతాం. తండ్రికీ కూతురికీ, తాతకీ మనవరాలికీ. మనుషుల్లో తప్పు, వీటిలో లక్షణం నిలవాలంటే వేరే దారి లేదు. కానీ దానికీ హద్దుంది. గుడ్లు పిండం కట్టకపోవడం, పిల్లలు గుడ్డులోనే చనిపోవడం మొదలయితే బయటి రక్తం తేవాల్సిన టైమొచ్చిందని అర్థం. అన్నాచెల్లెళ్ళని నేను కలపను. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో తల్లి నంబరు రాస్తాను, పిల్ల కాలికి రంగు రింగు వేస్తాను, నోటుపుస్తకంలో ఎక్కిస్తాను. ఆ నోటుపుస్తకం పోతే నా పదకొండేళ్ళు పోయినట్టే.

గుడ్డు పొదగడానికి ఈ జాతిని మించింది లేదు. పదో పదిహేనో గుడ్లు పెట్టి, పొదుగుతానని కూర్చుంటుంది. బాతు గుడ్లు పెట్టినా పొదుగుతుంది, ఖాళీ గూట్లో రాయి పెట్టినా పొదుగుతుంది. మా అమ్మమ్మ గంపలో వరిగడ్డి వేసి, ఉరుములకి గుడ్లు చెడిపోతాయని ఒక ఇనపముక్క కూడా పెట్టి పొదగేసేది. ఆవిడ ఈ కోడిని చూసి ఉంటే వదిలేది కాదు. నేను సగం మెషీన్‌లో పెడతాను, 37.5 డిగ్రీలు, 21 రోజులు. పిల్ల పుట్టిన రోజే మారెక్స్ అనే కోళ్ళ జబ్బుకి టీకా వేయిస్తాను. సిల్కీలకి ఆ జబ్బు తొందరగా తగులుతుంది. మన దగ్గర కొక్కెర తెగులు వస్తే దొడ్డికి దొడ్డి ఖాళీ అయ్యేది, గుర్తుందా, ఇక్కడ నాకు మారెక్స్ అంటే అంత భయం.

జత కట్టే రోజుల్లో పోటీ రూపం చెడగొట్టాల్సిందే. తోక కింద బొచ్చు కత్తిరించకపోతే జత కుదరదు, గుడ్లు వట్టివవుతాయి. కుచ్చు కూడా కత్తిరిస్తాను. ఇది నాకు ముఖ్యమైన విషయం. ఈ మధ్య కుచ్చు ఎంత పెద్దదయితే అంత గొప్ప అన్నట్టు పెంచుతున్నారు. కోడికి కళ్ళు కనపడవు. గింజ కనపడదు, మీదికి వచ్చే కుక్క కనపడదు, పక్క కోడి ఎందుకు పొడిచిందో తెలీదు. బిక్కుబిక్కుమంటూ మూల నిలబడుతుంది. అలాంటి కోడికి బహుమతి ఇచ్చినా నేను దాని గుడ్డు తెచ్చుకోను. నిండుగా ఉండాలి, కన్ను మాత్రం బయటికి కనపడాలి. మామూలు రోజుల్లో రబ్బరుబ్యాండుతో పైకి కడతాను, పిల్లకి పిలక కట్టినట్టు.

కుచ్చు కింద ఇంకోటుంది. చాలా సిల్కీల తల పైన ఎముక పూర్తిగా మూసుకోదు, బుడిపెలా లేచి ఉంటుంది. చంటిపిల్లల మాడు ఎలా ఉంటుందో అలా. అక్కడ ఒక్క ముక్కుపోటు పడినా మెడ వంకర తిరిగిపోతుంది, తిండి తినలేదు, కొన్ని చనిపోతాయి. అందుకే వీటిని పెద్ద జాతులతో కలిపి వదలకూడదు. ఈ బుడిపె ఉంటే కుచ్చు గుండ్రంగా నిలుస్తుందని కావాలని దాన్నే ఎంచుకునేవాళ్ళున్నారు. నేను తలలు తడిమి, బుడిపె మరీ పెద్దదయితే జతకి ఉంచను. అందుకు నా కోళ్ళ కుచ్చులు కొందరి కోళ్ళకన్నా తక్కువే. ఆ లోపాన్ని నేను ఒప్పుకున్నాను.

ఆడా మగా అయిదారు నెలలదాకా తెలీదు. పెట్టకి కుచ్చు బంతిలా ఉంటుంది, పుంజుకి వెనక్కి పోగులు సాగుతాయి. అంతదాకా అన్నిటికీ దాణా పెట్టాల్సిందే. 60 పిల్లల్ని పెంచితే నాలుగు నిలబడతాయి, మంచి ఏడాదయితే. మిగతావి ఎవరికిస్తారో ముందే తెలియకుండా మెషీన్‌లో గుడ్లు పెట్టొద్దు.

పోటీకి ముందు స్నానం. మూడు టబ్బులు. మొదటిది పిల్లల షాంపూ, రెండోది నాలుగు చుక్కల వెనిగర్ వేసిన నీళ్ళు, మూడోది మంచినీళ్ళు. గోరువెచ్చగా ఉండాలి. ఒక చెయ్యి ఎప్పుడూ రొమ్ము కింద. మొదట కాళ్ళు బిగబడతాయి, నీళ్ళు ఒంటికి పట్టాక మెడ మెల్లగా వాలిపోతుంది, కింద నుంచి రెప్ప పైకి వచ్చి కళ్ళు మూతపడతాయి. నా చేతిలోనే నిద్రపోతుంది. తడిసిన సిల్కీని చూడాలి మీరు, పిడికెడు నల్లటి కోడి. దాని ఒళ్ళు ఎలా ఉందో ఉన్నదున్నట్టు తెలిసేది ఆ ఒక్క గంటే. తర్వాత హెయిర్ డ్రయ్యర్ పెట్టి, ఈకలు ఎదురు దువ్వుతూ గంటసేపు. చర్మం దాకా ఆరకపోతే జలుబు చేస్తుంది. గోళ్ళు తీసి, జుట్టుకీ ముక్కుకీ కాస్త వ్యాజిలైన్ రాసి, కొత్త చెక్కపొట్టు పరిచిన పంజరంలో పెట్టాలి. తెల్లవాటిని వేసవంతా నీడలోనే ఉంచాలి, మొక్కజొన్న తగ్గించాలి. లేకపోతే పసుపు తిరుగుతాయి, ఎంత ఉతికినా పోదు.

పోటీకి వెళ్ళాలంటే రక్తపరీక్ష కాగితం అడుగుతారు. కోడి రెక్క కింద సూది గుచ్చి ఒక్క బొట్టు తీస్తారు. 1935 నుంచి అమెరికాలో ఆ పద్ధతి ఉంది. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చాలా రాష్ట్రాల్లో పోటీలే ఆపేశారు. ఆ ఏడాది కడిగి ఆరబెట్టడానికి ఏ కోడీ లేదు. నాకు చేతులు ఊరికే ఉండలేకపోయాయి, ఆదివారం పట్టుకుని చూడటం మాత్రం మానలేదు. కొలంబస్‌లో నవంబరులో ఒహాయో నేషనల్ జరుగుతుంది. కుదిరితే ఒక్కసారి పిల్లల్ని తీసుకెళ్ళండి. వేల కోళ్ళు ఒకే కప్పు కింద కూస్తుంటే, కళ్ళు మూసుకుంటే నాకు మా ఊరి తెల్లవారుజామే.

అమ్మాయ్, ఏదో అడగబోయావు... ఈ పెట్ట రెక్కా? అడుగుతావనే ఎదురుచూస్తున్నాను. ఇది ఆ పుంజు వంశంది కాదు, దాని తర్వాత మళ్ళీ మొదటి నుంచి కట్టుకొచ్చిన అయిదో తరం. ఇటు రా, నువ్వే పట్టుకుని విప్పు. మెల్లగా, విసనకర్ర తెరిచినట్టు. లెక్కపెట్టు. పది అయ్యాయా? ఇప్పుడు ఆ పక్కన పొట్టిది ఒకటి ఉందా? వేలు పెట్టి చూడు. ఉంది కదా.

పిల్లలందరూ ఒక్కొక్కరే రండి. వీపు మీద నిమరండి, తల మీద మాత్రం చెయ్యి వెయ్యకండి, చెప్పాను కదా. అయ్యాక ఆ మూల కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాకే లడ్డూల దగ్గరికి వెళ్ళండి.